హెడ్జ్‌హాగ్ కొన్నాక ఏం జరిగిందంటే: మా ఇంటి పనసకాయతో తొమ్మిది నెలలు

ముందే చెప్పేస్తున్నా, మా ఇంట్లో ఉన్న హెడ్జ్‌హాగ్, వీపంతా ముళ్ళుండే ఈ చిన్న జంతువు, ఏదుపంది పిల్ల కాదు. ఈ మాట ఈ తొమ్మిది నెలల్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పాలబ్బాయికి, గ్యాస్ బండ వేసే అతనికి, మా స్టాఫ్‌రూమ్‌లో, చివరికి అటవీ శాఖ వాళ్ళకి కూడా. ఏదుపంది ఎలుకల జాతిది. ఇది మన ఇళ్ళల్లో గోడవార పరిగెత్తే చుంచుకి చుట్టం. పెద్దదయ్యాక కూడా రెండు చేతుల దోసిట్లో పట్టేస్తుంది.

మేం ఉండేది విజయనగరంలో, కంటోన్మెంట్ వైపు అద్దె ఇంట్లో. నేను టీచర్‌ని. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి పుట్టినరోజుకి ఏదో ఒక జంతువు కావాలి. కుక్కకి ఇంటి ఓనర్ ఒప్పుకోరు, పిల్లికి మా అత్తగారు ఒప్పుకోరు. ఫోన్లో ఎవరో టీకప్పులో హెడ్జ్‌హాగ్‌ని కూర్చోబెట్టిన వీడియో చూసింది, ఇక అదే పట్టు. 2024 జూన్ 16, ఆదివారం, వైజాగ్‌లో ఒక షాపుకి వెళ్ళాం. 12,500 అన్నాడు, ఒక్క రూపాయి తగ్గలేదు. పంజరం, చక్రం, నీళ్ళ సీసా, రంపపు పొట్టు సంచీ కలిపి ఇంకో 3,900. "అరవదండి, కరవదండి, వాసన రాదండి, పాలు పోసి క్యారెట్ ముక్క పెడితే చాలండి" అన్నాడు. వీటిలో మొదటిదొక్కటే నిజం. కరిచింది, రెండుసార్లు. వాసన సంగతి అడక్కండి, రాత్రంతా చక్రం మీద పరిగెడుతూనే దాని మీదే దొడ్డికెళ్తుంది, మళ్ళీ అందులోనే పరిగెడుతుంది. పొద్దున్నే ఆ చక్రం కడగడం నా డ్యూటీ అయిపోయింది. పాలయితే అసలు పోయకూడదట, అరగవట. అది మాకు తెలిసింది రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాక.

బిల్లు కూడా సరిగా చూసుకోలేదు. ఆ బిల్లు కథ తర్వాత చెప్తా.

ఇంటికి తెచ్చి బుట్టలోంచి తీయగానే ఉండలా ముడుచుకుపోయి బుస్సు బుస్సుమంది. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి, "ఓలమ్మ, పనసకాయలాగుందేటే ఇది!" అన్నారు. మా అమ్మాయి అప్పటికే ఏదో ఇంగ్లీషు పేరు అనుకుంది గానీ, పనస అనేదే నిలిచిపోయింది.

నాలుగో రోజు రాత్రి మొదటి టెన్షన్. ఇంట్లో ఆవకాయ కలుపుతున్నాం. మా అమ్మాయి చేతులు కడుక్కుని కూడా వెళ్ళి పట్టుకుంది, ఎంత కడిగినా ఆవపిండి వాసన పోదు కదా. పనస ఆ వేలిని వాసన చూసి, నాకి, ఏదో నములుతున్నట్టు దవడలాడించి, నోట్లోంచి తెల్లటి నురుగు తీయడం మొదలుపెట్టింది. తర్వాత మెడని వెనక్కి మెలితిప్పి, నాలుక బారెడు చాపి ఆ నురుగుని తన వీపు ముళ్ళ మీద పూసుకుంటోంది. ఒళ్ళంతా వంకర్లు పోతోంది, పట్టు తప్పి పక్కకి పడిపోతోంది. మా ఆయన ఫిట్స్ అన్నారు. నేను పిచ్చికుక్కలకొచ్చే రోగం అనుకుని అమ్మాయిని వెనక్కి లాగేశాను. షాపువాడు ఫోన్ ఎత్తలేదు. అరగంట తర్వాత అదే ఆపేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి మేత తింది. తర్వాత తెలిసింది, కొత్త ఘాటు వాసన ఏది తగిలినా ఇవి ఇలాగే చేస్తాయట, జబ్బేమీ కాదట. ఈ ఒక్క ముక్క షాపులో చెప్పుంటే ఆ రాత్రి నేను అంత ఏడ్చేదాన్ని కాదు.

ఎండల సంగతి. జూన్ మూడో వారంలో కూడా మాకు ఉక్కపోత తగ్గలేదు. దీనికి 24 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి. పుట్టుక ఆఫ్రికాదే కదా ఎండ తట్టుకుంటుంది అనుకుంటాం, కానీ అక్కడ అది పగలంతా బొరియలో చల్లగా పడుకుని రాత్రి బయటికొచ్చే జంతువు, మా రేకుల షెడ్డు పక్క గదిలో ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. స్కూల్ నుంచి వచ్చేసరికి నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా చాపి, నేల మీద అతికించిన దోశలా పడి ఉంది. తడిగుడ్డ చుట్టిన మట్టికుండ పక్కన పెడితే సాయంత్రానికి లేచింది. ఆ రోజు నుంచి పగలు కూడా ఏసీ. అంతకుముందు 1,400 వచ్చే కరెంటు బిల్లు 3,400 దాటింది. మా ఆయన బిల్లు ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించి ఊరుకున్నారు, ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

జూలై రెండో వారంలో ముళ్ళు రాలడం మొదలైంది. రోజుకి పది, పదిహేను. పిల్లలకి పాలపళ్ళు ఊడినట్టు ఈ వయసులో చిన్న ముళ్ళు రాలి కొత్తవి వస్తాయని ఎక్కడో చదివి ధైర్యంగా ఉన్నాం. ఆ మాట నిజమే గానీ మా దానికి జరిగింది అది కాదు. రాలిన ముల్లు మొదలు దగ్గర తెల్లగా పొట్టు అంటుకుని ఉంటోంది, అది మేం పట్టించుకోలేదు. అసలు దాన్ని ముట్టుకోని మా అత్తగారే పట్టుకున్నారు. ఆవిడది బొబ్బిలి దగ్గర పల్లె, చిన్నప్పుడు మేకల్ని మేపిన మనిషి. జూలై 20న దూరం నుంచే చూసి, "ఇది గజ్జే. మేకలకీ ఇలగే పట్టీది. ముందు సెవులు సూడు" అన్నారు. చూస్తే చెవి అంచుల వెంట, కళ్ళ చుట్టూ బూడిద రంగు పొక్కులు కట్టాయి. దగ్గరగా చూస్తే ఆ పొట్టు కదులుతోంది. నిజంగా కదులుతోంది, ఉప్పు గళ్ళకి కాళ్ళొచ్చినట్టు. నాకు ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు దురద పెడుతుంది.

మర్నాడు ఆదివారం, గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది కదా అక్కడికి వెళ్దామా అనుకుని, ఆదివారం ఎవరుంటారులే అని ఊళ్ళోనే ఒక క్లినిక్‌కి వెళ్ళాం. కుక్కలూ పిల్లులూ తప్ప వేరేవి చూడం అన్నారు. సోమవారం ఇంకోచోట గంటన్నర వరసలో కూర్చున్నాం. నా పక్కన గేదెదూడ, అవతల నాటుకోడి, మధ్యలో నేను చెప్పులపెట్టె పట్టుకుని. అక్కడి డాక్టర్ ఉండలా ముడుచుకున్న దాన్ని టేబుల్ మీద అటూ ఇటూ దొర్లించి, విప్పడం కుదరక, కుక్కల షాంపూ ఒకటి, పౌడర్ ఒకటి రాసిచ్చారు. 850. ఆయన తప్పు కూడా అనలేను, జీవితంలో మొదటిసారి చూస్తున్నానని ఒప్పుకున్నారు పాపం. పది రోజులు వాడాం, ఏమీ తగ్గలేదు సరికదా, మేత తినడం మానేసింది.

ఈలోగా మా అమ్మాయి మణికట్టు మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ. చర్మ డాక్టర్ చూడగానే "ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా?" అన్నారు. తామర. వీటి నుంచి మనుషులకి అంటుకునే తామర ఒకటి ఉంటుందట. నెలరోజులు పూత మందు, ఫీజుతో కలిపి 1,150. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు పెట్టకూడదు, వంటగదిలోకి తేకూడదు. కడుపులో జబ్బు చేసే సాల్మొనెల్లా కూడా వీటి నుంచి రావచ్చట. టీకప్పులో కూర్చోబెట్టిన వీడియో గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పదిమందిని అడగ్గా అడగ్గా, వైజాగ్‌లో పక్షుల్నీ ఇలాంటివాటినీ చూసే ఒక డాక్టరమ్మ దొరికారు. అపాయింట్‌మెంట్‌కే ఆరు రోజులు ఆగి, ఆగస్టు 4న వెళ్ళాం. ఆవిడ ముందు పనసని విప్పే ప్రయత్నమే చేయలేదు. మూత ఉన్న చిన్న పెట్టెలో పెట్టి గ్యాస్ మత్తు ఇచ్చారు. రెండు నిమిషాల్లో ఆ ముళ్ళ ఉండ దానంతటదే వదులైపోయి, నిద్రపోతున్న పసిపిల్లలా వెల్లకిలా పడింది. తెచ్చి యాభై రోజులైంది, దాని పొట్ట నేను సరిగ్గా చూడటం అదే మొదటిసారి. తెల్లటి మెత్తటి బొచ్చు, నాలుగు చిన్న కాళ్ళు, ఒక గోరు పెరిగి పెరిగి వంకర తిరిగి అరికాల్లోకి దిగబోతోంది. ఆ గోళ్ళూ కత్తిరించారు. చర్మం మీంచి కొద్దిగా గీకి మైక్రోస్కోప్ కింద పెట్టి నన్నూ చూడమన్నారు. చూశాను. చూడకపోతే బాగుండేది.

మందు మెడ వెనక చర్మం మీద ఒక్క చుక్క. ఎంత వేయాలన్నది గ్రాముల లెక్కలో చూస్తారు. ఆ రోజు బరువు 287 గ్రాములు. అందుకే కుక్కల మందు అందాజుగా వేయొద్దని గట్టిగా చెప్పారు. మూడు వారాలకోసారి, మొత్తం మూడు డోసులు: ఆగస్టు 4, ఆగస్టు 25, సెప్టెంబర్ 15. మొదటిసారి 2,600, తర్వాత రెండుసార్లూ 700 చొప్పున. అసలు చాకిరీ ఇంట్లో. రంపపు పొట్టు మొత్తం పారేసి, పంజరం మరిగే నీళ్ళతో కడిగి ఎండలో పెట్టి, పొట్టు బదులు పాత దుప్పటి ముక్కలు పరిచి, వాటిని రెండు రోజులకోసారి ఉడికించాలి. మా ఇంట్లో ఇడ్లీ గిన్నె అంత పెద్ద గిన్నె ఇంకొకటి లేదు. అత్తగారికి చెప్పకుండా కొత్త గిన్నె కొనేశాను.

మేత విషయంలో కూడా ఒక మాట. పిల్లుల పొడిమేత రోజుకి రెండు చెంచాలు, అది తింటుంది. కానీ పురుగులు కూడా కావాలి. ఆన్‌లైన్‌లో బతికున్న పురుగుల డబ్బా తెప్పిస్తే మొదటిది ఎండకి దారిలోనే చచ్చి వచ్చింది. రెండోది బతికే వచ్చింది, ఫ్రిజ్‌లో పెట్టాలి. పెరుగు గిన్నె పక్కన పురుగుల డబ్బా. కార్తీకమాసంలో ఆ డబ్బా మీద మా అత్తగారు ఎన్ని మాటలన్నారో ఇక్కడ రాయలేను.

ఇక బిల్లు కథ. సెప్టెంబర్ చివర్లో మా ఎదురింటి అబ్బాయి వచ్చి పనసని వీడియో తీసుకున్నాడు. అది వీధి వాట్సాప్ గ్రూపులోంచి ఎక్కడెక్కడికో తిరిగి, "విజయనగరంలో ఏదుపంది పిల్లను ఇంట్లో బంధించారు" అనే రాతతో మళ్ళీ నా ఫోన్‌కే వచ్చింది. సెప్టెంబర్ 27న ఫోన్, 30న పొద్దున్న పదకొండింటికి అటవీ శాఖ నుంచి ఇద్దరు. మా వీధిలో యూనిఫాం వచ్చి ఆగడం అదే మొదలు. అత్తగారు దేవుడి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

వచ్చిన ఆయన నెమ్మదస్తుడు. "భయపడకండమ్మా. ఏదుపంది పిల్లయితే మాత్రం కేసే. కాదని నాకూ కనిపిస్తోంది గానీ, మన వైపు అడవి ముళ్ళచుంచు, అంటే మన హెడ్జ్‌హాగ్, కూడా ఒకటుంది, అది కాదని తేల్చాలి" అన్నారు. అప్పుడే తెలిసింది నాకు, తమిళనాడు, కేరళ, మన ఆంధ్రలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని ముళ్ళచుంచు ఒకటి ఉందని. మనదేదో మనకి తెలియదు, ఆఫ్రికాది పదమూడు వేలు పోసి కొన్నాం.

తేల్చడం ఎలాగంటే, కాలివేళ్ళు లెక్కపెట్టి. మా ఇంట్లో ఉన్న జాతికి వెనక కాలికి నాలుగే వేళ్ళుంటాయి, మన అడవిదానికి ఐదు. ఆయన ఫోన్లో ఎవరో పెద్దాఫీసర్‌తో మాట్లాడి, స్వీట్ షాపు వాళ్ళిచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ఉందా అని అడిగారు. పనసని అందులో పెట్టి, లైట్లార్పి, నలుగురం నోరు మూసుకుని కూర్చున్నాం. పావుగంట పట్టింది విచ్చుకోవడానికి. ముందు ముక్కు, తర్వాత ఒక కాలు. మా ఆయన డబ్బాని రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకున్నారు, అటవీ శాఖ ఆయన కింద నేల మీద కూర్చుని తల పైకెత్తి ఫోన్ లైటు వేసి లెక్క మొదలుపెట్టారు. "ముందు కాలు ఐదు. వెనక కాలు... ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఉండండి, తిరుగుతోంది." మళ్ళీ మొదటి నుంచి. మూడోసారికి ఎడమ కాలూ కుడి కాలూ రెండూ నాలుగే అని ఒప్పుకుని ఫోటోలు తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే అది ఆ డబ్బాలో ఉచ్చ పోసింది.

అయిపోయిందనుకున్నాం. "కొన్న బిల్లు ఇవ్వండి" అన్నారు. బిల్లు తీస్తే దాని మీద ఉన్నది "పెట్ యాక్సెసరీస్ 16,400". జంతువు అనే మాటే లేదు. పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో విదేశీ జంతువుల రిజిస్ట్రేషన్ ఉంటుంది కదా అని నేనే అడిగాను. అది ఒక అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న జాతులకే, ఇది అందులో లేదు కాబట్టి అక్కర్లేదు, కానీ ఎక్కడ కొన్నారో ఆధారం ఉండాలి అన్నారు. షాపుకి ఫోన్ చేస్తే "మేం అలాంటివి అమ్మం మేడమ్" అన్నాడు! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. యూపీఐలో పంపిన డబ్బు, ఆ రోజు మా అమ్మాయి షాపులో తీసుకున్న ఫోటోలు, వాడితో నడిచిన చాట్, అన్నీ ప్రింట్లు తీయించి అక్టోబర్ 3న ఇచ్చి వచ్చాం. ఒక స్టేట్‌మెంట్ రాయించుకుని సంతకం తీసుకున్నారు. మళ్ళీ కబురు చేస్తామన్నారు.

ఆ ఎదురుచూపులు పదహారు రోజులు. మధ్యలో అక్టోబర్ 15న పైడితల్లమ్మ సిరిమానోత్సవం. మా ఇంటికి పదిహేనుమంది చుట్టాలు, ఒక్కొక్కరూ ఒక్కొక్క సలహా. "కేసవుతుందేటమ్మా?" అని ఒకరు, "వీపు ముల్లు తీసి ఇంటి గుమ్మానికి కట్టు" అని ఇంకొకరు. మా పెద్దాడపడుచు భర్త అయితే, "ఇదంతా ఎందుకు చెల్లెమ్మా, రాత్రికి రాత్రి మా జీడితోటలో వదిలేస్తాను, పీడా పోతుంది" అన్నారు. ఆయన మంచికే అన్నారు, నాకూ ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. కానీ వదిలేస్తే మొదటి రాత్రే కుక్కలు పీకేస్తాయి. ఒకవేళ ఇలా వదిలినవి నాలుగు బతికి పిల్లల్ని పెడితే అది ఇంకో గొడవ. మా పిన్ని కొడుకు గ్లాస్గోలో ఉంటాడు, వాడు చెప్పాడు. అక్కడి యూయిస్ట్ అనే దీవుల్లో 1974లో ఎవరో తోటలో నత్తల్ని తింటాయని కొన్ని హెడ్జ్‌హాగ్‌లని తెచ్చి వదిలారట. అవి వేలకి పెరిగి, నేల మీద గూడు పెట్టుకునే పిట్టల గుడ్లు తినేస్తుంటే, 2003 నుంచి పట్టి చంపడం మొదలుపెట్టి, జనం గోల చేస్తే ఆ పని ఆపి, పడవల్లో అవతలి ఒడ్డుకి తరలించడం మొదలుపెట్టారట. తమాషా ఏంటంటే అవతలి ఒడ్డున, అసలు వాటి సొంతూళ్ళోనే, అవి తగ్గిపోతున్నాయట. వాడి వీధిలో వాళ్ళు హెడ్జ్‌హాగ్ దూరి వెళ్ళడానికి కంచెలకి కింద చిన్న కంతలు కోసి పెట్టుకున్నారట. జీడితోట సంగతి మళ్ళీ ఎత్తకుండా మా అన్నయ్యగారికి ఇంకో రెండు బూరెలు వడ్డించాను.

అక్టోబర్ 19న ఫోన్ వచ్చింది. ఉంచుకోవచ్చు, బయట వదలకూడదు, పిల్లల్ని పెట్టించి అమ్మకూడదు, చచ్చిపోతే చెప్పాలి. అంతే. ఫోన్ పెట్టేసి వెళ్ళి పంజరం ముందు కూర్చున్నాను. అది నిద్రపోతోంది, దానికేం తెలుసు.

చివరి భయం భోగి నాడు. 2025 జనవరి 13. తెల్లవారుజామున నాలుగింటికి మంట వేయడానికి అందరం బయటికెళ్ళాం, తలుపులు బార్లా తీసి. ఆరున్నరకి వచ్చి చూస్తే పనస ఒక మూల సగం ముడుచుకుని ఉంది. పొట్ట కింద వేలు పెడితే చల్లగా, ఫ్రిజ్‌లోంచి తీసిన వంకాయలా ఉంది. ఊపిరి ఉందో లేదో తెలియలేదు. చలి తగిలితే ఇవి మొద్దునిద్రలోకి జారుకుంటాయి. చలిదేశాల్లో ఉండేవాటికి చలికాలమంతా అలా పడుకోవడం అలవాటు, ఈ జాతికి మాత్రం అది ప్రాణం మీదకొస్తుంది. డాక్టరమ్మ ఆగస్టులోనే చెప్పారు గానీ, విజయనగరంలో చలేంటి అని నేనే నవ్వాను. గోడ మీద ఉన్న ఉష్ణోగ్రత మీటర్ 18 డిగ్రీలు చూపిస్తోంది. భోగి స్నానానికని తలకి నూనె పెట్టుకుని ఉన్నాను. అలాగే దాన్ని శాలువాలో చుట్టి గుండెలకి ఆనించుకుని, పైన ఇంకో దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చున్నాను. వేడినీళ్ళ సంచి పెట్టాం, అదీ గుడ్డ చుట్టి, గోరువెచ్చగా. ఒక్కసారిగా వేడి చేయకూడదు. గంటా పది నిమిషాలు. మొదట ఏమీ లేదు. తర్వాత గుండెల దగ్గర చిన్నగా ఏదో కదిలినట్టు, ఒక్క ముల్లు గుచ్చుకున్నట్టు. ఇంకాసేపటికి బుస్సుమంది. మా అమ్మాయి మంచం పక్కనే నిలబడి ఉంది, భోగిపళ్ళ వయసు దాటి చాలా ఏళ్ళయిన పిల్ల, ఆ బుస్ విని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

పండగ వెళ్ళాక 1,400 పెట్టి వెచ్చదనమిచ్చే ప్యాడ్ కొన్నాం.

మొన్న స్టాఫ్‌రూమ్‌లో ఒక మేడమ్ "మా బాబుకి కూడా ఒకటి కొందామనుకుంటున్నాం, ఎంతవుతుంది?" అని అడిగితే కాగితం తీసి రాసిచ్చాను. జంతువు 12,500, సామాన్లు 3,900, వైజాగ్ డాక్టర్ 4,000, మూడుసార్లు కారు పెట్రోలుకి 3,300, పనికిరాని షాంపూ పౌడర్ 850, తామరకి 1,150, మేత 5,400, పురుగులు 2,100, ఏసీకి ఎక్కువైన కరెంటు ఓ 6,000, ప్యాడ్ 1,400. మొత్తం 40,600. ఆవిడ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది, ఏమీ అనలేదు. కొనొద్దనే నా మాట, అడిగారు కాబట్టి. ఉన్నదాన్ని మాత్రం చూసుకుంటాం, ఇంకో నాలుగైదేళ్ళు బతుకుతుందట.

నిన్న వంటింటి కాటా మీద, కాదు, దానికోసం వేరేగా కొన్న కాటా మీద, 412 గ్రాములు. గోళ్ళు మళ్ళీ పెరిగాయి. మార్చి సగమైంది, మధ్యాహ్నం గదిలో 31 చూపిస్తోంది. ఇన్వర్టర్ వాడు రేపు వస్తానన్నాడు.